ఒక్క స్కూపే

"నువ్వీ గదిలో అడుగు పెట్టావంటే నేను బయటికి పోతా. ఏదో ఒకటి తేల్చుకో!"

ఇల్లాలు ఆసుపత్రి గది గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది. ఎదురుగా ఆమె సొంత తమ్ముడు. తలుపంత వెడల్పున్న మనిషి. అరటిపళ్ళ సంచీ ఒకటి చేత్తో పట్టుకుని, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా తల వంచుకున్నాడు.

"అక్కా, ఒక్కసారి వాణ్ణి చూసి పోతానే."

"చూడ్డానికేం మిగిల్చావని? నిన్న పొద్దున నీ జిమ్ములోనే కదరా వాడు కుప్పకూలింది? నువ్విచ్చిన పొడి తాగే కదా? మేనమామవని నమ్మి పంపితే పిల్లాణ్ణి నా చేతిలో ఇలా పెట్టావు!"

"ఒక్క స్కూపే వేసుకోమన్నా అక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యకు. నేనింకా బతకాలి, వాణ్ణి చూసుకోవాలి."

పక్క గదిలోంచి నర్సు తల బయటికి పెట్టి, ఇది ఆసుపత్రా సంతా అని అడిగింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకేసారి నోరు మూశారు. ఆ ఒక్క విషయంలో చిన్నప్పటినుంచీ ఇద్దరిదీ ఒకటే పద్ధతి.

బల్ల మీద కూర్చున్న కాటాల మేస్త్రి భార్యనూ చూశాడు, బావమరిదినీ చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఆయన అసలే తక్కువ మాట్లాడతాడు. ముప్పై ఏళ్ళుగా కాటాలూ త్రాసులూ బాగుచేసే పని. ఆయన్ని ఏదైనా అడిగితే, త్రాసు ముల్లు నిలబడేంతసేపు ఆగితేగాని జవాబు రాదని బజారులో ఒక వేళాకోళం ఉంది. వచ్చిన జవాబు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఆయన సరిచేసిన కాటాని మళ్ళీ సరిచూసినవాళ్ళు లేరు.

లోపల మంచం మీద కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. చిన్నప్పుడు పుల్లలా ఉండేవాడని బక్కోడు అన్నారు. అదే పేరు ఖాయమైపోయింది. ఆ పేరు వదిలించుకోవాలనే ఎనిమిది నెలలుగా మేనమామ జిమ్ములో బరువులెత్తుతున్నాడు. పేరు వదల్లేదు గాని భుజాలొచ్చాయి. ఇంకో మూడు వారాల్లో అగ్నిమాపక శాఖ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష. నిండు బస్తా భుజాన వేసుకుని నాలుగంతస్తులు ఎక్కాలి. వాడి కలలో కూడా ఆ మెట్లే ఉండేవి.

ఇప్పుడు ఛాతీ మీద తీగలు అతికించి, తలగడ పక్కన టిక్కు టిక్కుమనే పెట్టె పెట్టారు.

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే. కాగితాలు తిరగేసి, కుర్రాడి భుజం తట్టింది.

"ఇంకొక్కసారి చెప్పు బాబూ. నిన్న పొద్దున ఎంత తాగావు?"

"ఒక్క స్కూపే మేడమ్. గ్లాసు నీళ్ళలో." ఛాతీ మీది తీగ ఒకటి సవరించుకున్నాడు. "చేదుగా ఉంది. కొత్త రకం కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నా."

"అబద్ధం డాక్టరమ్మా!" గుమ్మం దగ్గర్నుంచే తల్లి అందుకుంది. "దీనికి ముందు తాగిన తెల్లడబ్బా పొడిని పాలపొడని మూడు నెలలు నన్ను నమ్మించాడు. వీడి ఒక్కటంటే నాలుగని లెక్క."

"అమ్మా, నిజంగా..."

"నోర్ముయ్. తల్లి దగ్గర అబద్ధమాడితే ఆడావు. ప్రాణం పోసే మనిషి దగ్గరైనా నిజం చెప్పు."

కుర్రాడు మళ్ళీ గోడవైపు తిరిగాడు. పొద్దుట్నుంచీ తల్లితో వాడు మాట్లాడిన మాటలు ఆ రెండే.

డాక్టరమ్మ మేస్త్రిని వరండాలోకి పిలిచింది.

"నిన్న తీసుకొచ్చినప్పుడు గుండె నిమిషానికి నూట ఎనభైసార్లు కొట్టుకుంటోంది. అదీ ఒక తీరుగా కాదు. ఇప్పుడు నెమ్మదించింది, సంతోషమే. కానీ మీవాడు చెప్పేది నిజమైతే నాకు భయం ఎక్కువవుతుంది. ఒక్క స్కూపుకి ఆరోగ్యమైన గుండె ఇంతలా గతి తప్పడం అరుదు. అప్పుడు నేను పొడిని కాదు, గుండెను అనుమానించాలి. పెద్దాసుపత్రికి పంపాలి, పరీక్షలు చేయించాలి. తేలేదాకా బరువులు లేవు, పరుగులు లేవు."

"మూడు వారాల్లో వాడికి పరీక్ష ఉందమ్మా."

"గుండె జబ్బు అనుమానం అని కాగితం మీద రాశాక ఆ పరీక్షకి వాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వరు. అందుకే అడుగుతున్నా. ఎంత తాగాడో సరిగ్గా తెలియాలి. ఆ డబ్బాలు తీసుకురండి. లోపలున్న స్కూపులతో సహా."

మేస్త్రి బయల్దేరాడు. భార్య ఎదురొచ్చి, చేతి సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించింది.

"డబ్బాలు తెచ్చాక ఇది కూడా పోలీసులకిద్దాం. రాత్రంతా కూర్చుని రాశా. వాడి పేరూ, జిమ్ము పేరూ, అన్నీ రాశా."

"వాడు నీ తమ్ముడే."

"వాడికి నడక నేర్పింది నేనే. నాకు మీరు చెప్పాలా?" కళ్ళు తుడుచుకుంది. "ఇంకొకళ్ళ పిల్లాడికి ఇలా జరక్కుండా ఉండాలంటే ఆ జిమ్ముకి తాళం పడాల్సిందే."

మెట్ల దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు. అరటిపళ్ళ సంచీ ఇంకా చేతిలోనే ఉంది.

"బావా, మీరైనా నమ్మండి. ఒక్క స్కూపే అన్నా."

"ఆ డబ్బా మీద కంపెనీ కాగితం లేదేంరా?"

"పెద్ద సంచీల్లో వస్తుంది బావా. నేను ఖాళీ డబ్బాల్లోకి పోసి ఇస్తుంటా. వీడికి శనివారం సాయంత్రం అట్టడుగున కాస్త పోసిచ్చా, వాడి చూడమని."

"ఏముందందులో?"

"ఊపొచ్చేది. కాఫీలో ఉండేదే, కాస్త ఎక్కువగా. ఇంకా ఏవో కలుపుతారు."

"ఏవో అంటే?"

అంత మనిషీ అరటిపళ్ళ సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మేస్త్రికి జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

"నువ్వు కూడా తాగుతావా?"

"రోజూ తాగుతా బావా. నాకు పడుతుంది. అందరికీ పడుతుందనుకున్నా."

"స్కూపు నువ్వే వేశావా అందులో?"

"నేనే వేశా. చిన్నది. ఆరు గ్రాములది."

మేస్త్రి తలూపి మెట్లు దిగాడు.

*

ఇంట్లో వంటగది అద్దంలా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే ఇల్లాలికి పండగా పబ్బమూ అక్కర్లేదు, డబ్బాలు చాలు. ఉన్న డబ్బాలన్నీ తుడిచి, వాటిలోని చెంచాలన్నీ తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ దేని స్థానంలో దాన్ని పెట్టేదాకా కూర్చోదు.

అటక కింది అరలో కొడుకు డబ్బాలు రెండూ ఉన్నాయి. తెల్లది పెద్దది, కొత్తగా తెచ్చింది, ఇంకా నిండుగా ఉంది. కండ పట్టే ప్రోటీన్ పొడి. నల్లది సన్నగా, లోతుగా ఉంది. శనివారం మేనమామ ఇచ్చిన ఊపు పొడి. మూత మీద అంటించిన చిన్న చీటీ మీద చేత్తో 'ఒక్క స్కూపు' అని రాసి ఉంది.

మేస్త్రి నల్లడబ్బా మూత తీశాడు. పొడి అడుగున నాలుగు వేళ్ళ లోతుంది. పైకి పొడుగాటి కాడతో స్కూపు కనపడుతోంది.

చేతులు ఊరుకోలేదు. బీరువా మీదున్న చిన్న కాటా దించాడు. బంగారప్పని వాళ్ళది, మరమ్మతుకొచ్చింది. ముందు అయిదు గ్రాముల ఇత్తడి రాయి పెట్టి చూశాడు. అయిదే చూపించింది. అప్పుడు స్కూపు నిండా పొడి తీసి, కత్తి వీపుతో పైన చదును చేసి, కాగితం మీద వంచి తూచాడు.

ముప్పై ఒకటి.

మళ్ళీ తూచాడు. ముప్పై ఒకటి. మూడోసారీ అంతే. మూడుసార్లు తూచనిదే తూకం కాదని పని నేర్పిన గురువు మాట.

ఆరు గ్రాములు పడాల్సిన చోట ముప్పై ఒకటి. అయిదింతలకు పైన. అదీ పరగడుపున.

కుర్రాడు అబద్ధమాడలేదు. ఒక్క స్కూపే తాగాడు.

తెల్లడబ్బా మూత తీశాడు. నిండుగా ఉన్న పొడి మీద పొట్టి కాడతో చిన్న స్కూపు బొమ్మలా కూర్చుని ఉంది. దాన్ని తూచక్కర్లేదు, అయినా తూచాడు. ఆరు.

ముక్కు దగ్గర పెట్టుకుంటే రెండు స్కూపులకూ గిన్నెలు తోమే సబ్బు వాసన.

మేస్త్రి అక్కడే నేలమీద కూలబడ్డాడు. అర వైపు చూశాడు. ఉప్పు డబ్బా సగమే ఉంది, అందులో పొడుగు చెంచా. పంచదార నిండుగా ఉంది, అందులో పొట్టిది. కాఫీ పొడి అడుగంటింది, అందులో అన్నిటికన్నా పొడుగుది. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ పెట్టిన చట్టమది. అడుగంటిన డబ్బాలో పొట్టి చెంచా ఉంటే, తీసేవాడి చెయ్యంతా లోపలికి పోతుంది, పొడి అంటుకుంటుంది, అంటిన చెయ్యి కంట్లో పెట్టుకుంటారు. కాబట్టి ఖాళీ అయ్యేకొద్దీ చెంచా మారుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరి చేతికీ ఏదీ అంటలేదు.

మొన్న ఆదివారం కూడా అంతే చేసింది. కొడుకు చెయ్యి లోతు డబ్బాలో దూరకూడదని, పొడుగు కాడది అందులో వేసింది. ఆవిడకి చెంచా అంటే చెంచానే. కొలత అని తట్టలేదు. తట్టడానికి డబ్బా మీద కొలత రాసిన కాగితమేదీ?

అంత ప్రేమగా చేసిన పని ఇలా తిరగబడిందే అని మేస్త్రికి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కనక ఏడ్చాడు.

ఏడ్చాక ఆలోచించాడు. స్కూపులు రెండూ మార్చేసి, డబ్బాలు అలాగే తీసుకెళ్ళి ఇస్తే ఎవరికీ తెలియదు. కానీ డాక్టరమ్మ కొడుకు గుండెలో లేని జబ్బు వెతుకుతుంది. వాడి మెట్లు వాడికి దక్కవు. కన్నతల్లి వాణ్ణి అబద్ధాలకోరనే అనుకుంటుంది. తమ్ముడి మీద రాసిన కాగితం పోలీసులకి చేరుతుంది.

నిజం చెప్తే అవేవీ ఉండవు. ఆవిడ మాత్రం మిగిలిన జన్మంతా చెంచా పట్టుకున్నప్పుడల్లా తన చేతిని చూసుకుంటుంది. ఆయనకి ఆమె సంగతి తెలుసు. పాలు పొంగిపోతేనే పూటంతా తనని తాను తిట్టుకునే మనిషి.

డబ్బాలూ స్కూపులూ సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి ఎలా ఉంటుందో దారంతా తెలుస్తూనే ఉంది.

*

"ముప్పై ఒకటా?" డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీరే తూచారా?"

"నా పనే అదమ్మా. మూడుసార్లు తూచా."

ఆమె చాలాసేపటికి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

"అయితే సరిపోయింది. అంత పడ్డాక ఏ గుండె అయినా అలాగే పరిగెత్తుతుంది. ఇవాళ తీసిన స్కాన్ కూడా బాగానే ఉంది. రేపటిదాకా చూసి, అప్పుడు రాస్తాను. జబ్బు అనుమానం అని మాత్రం ఇప్పుడు రాయను." ఆగింది. "కానీ ఒకటి వినండి. ఆరు గ్రాములే వేసుకున్నా ఇది మంచిదని నేననను. లోపల ఏముందో అమ్మినవాడికే తెలియని పొడి ఇది. ఈ ఏడాది ఇలా నా దగ్గరికొచ్చిన కుర్రాళ్ళలో మీవాడు నాలుగోవాడు. అందులో ఒకడు ఇంటికి వెళ్ళలేదు."

మేస్త్రి చేతులు జోడించాడు.

"స్కూపులెలా మారాయి?"

"ఇంట్లో వాళ్ళకి నేనే చెప్పుకుంటా డాక్టరమ్మా. ఆ ఒక్కటీ నాకొదిలెయ్యండి."

ఆమె ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసి, సరేనంది.

గదిలో ఇల్లాలు బత్తాయి వలుస్తోంది. కొడుకు తిననని గోడవైపే చూస్తున్నాడు. మేస్త్రి డబ్బాల సంచీ బల్ల మీద పెట్టి, తలుపు తీసి, మెట్ల దగ్గరున్న బావమరిదిని కూడా రమ్మని సైగ చేశాడు.

"వాణ్ణెందుకు పిలుస్తారు?" ఇల్లాలు లేచి నిలబడింది.

"కూర్చో. నీ కొడుకు అబద్ధమాడలేదు. ఒక్క స్కూపే తాగాడు. స్కూపులు తారుమారయ్యాయి. చిన్నదుండాల్సిన చోట పెద్దదుంది. డాక్టరమ్మకి చెప్పి వచ్చా. గుండెలో ఏ లోపమూ ఉండదనే అంటోంది."

కుర్రాడు ఇటు తిరిగాడు. ఆవిడ చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది.

"తారుమారెలా అయ్యాయి?"

ముప్పై ఏళ్ళలో ఒక్క ఆవగింజ ఎత్తు తప్పు తూకం వెయ్యని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"నా వల్లే. వీడు ఆరు గ్రాములంటున్నాడే, నిజంగా ఆరేనా అని అనుమానమొచ్చింది. రెండూ కొట్టుకి పట్టుకెళ్ళి తూచా. తెచ్చి మళ్ళీ పెట్టేటప్పుడు అటుదిటూ ఇటుదటూ పడేశా."

ఆవిడ బత్తాయిని బల్ల మీద పెట్టేసింది.

"మీరా?" అంది ఆవిడ. "ఊరందరి తూకాలూ సరిచేసే మనిషయ్యుండి, కన్నకొడుకు దగ్గర కళ్ళు మూసుకున్నారా? నిన్నటినుంచీ నోరు తెరవకుండా ఎలా కూర్చున్నారండీ? నేను వీణ్ణి ఎన్నేసి మాటలన్నాను!"

ఆ తిట్లు ఆయనకి హాయిగానే ఉన్నాయి. ఆవిడ తిట్టేకొద్దీ గుండె బరువు తగ్గుతోంది.

ఆవిడ మంచం మీద కూర్చుని కొడుకు తల దగ్గరికి తీసుకుంది. "అబద్ధాలకోరన్నా కదరా నిన్ను. నా నోరు పడిపోను." వాడు రెండ్రోజుల్లో మొదటిసారి తల్లి ఒళ్ళో మొహం దాచుకున్నాడు.

ఆవిడ తన చేతి సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "నువ్వే చింపుకో. కానీ కాగితం లేని డబ్బా ఇంకొక్కటి నీ జిమ్ములోంచి బయటికొచ్చిందో, మళ్ళీ రాస్తా."

"ఇవాళే అన్నీ తూములో పారబోస్తానక్కా." ఆ మనిషి కాగితం చింపకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏడుపు ఆపుకోడానికి ఏదో ఒకటి మాట్లాడాలి కనక, బావ వైపు తిరిగి నవ్వబోయాడు. "అయినా భలేవారు బావా. శనివారం నేను డబ్బా ఇచ్చేసరికి మీరు కొట్టు కట్టేసి భోజనానికి కూర్చున్నారు. సోమవారం తెల్లారేసరికి వీడు తాగేశాడు. మధ్యలో ఎప్పుడు పట్టుకెళ్ళారు?"

"ఆదివారం" అన్నాడు మేస్త్రి. అనడానికి ఇంకో రోజు లేదు.

బత్తాయి తొనలు కొడుకు చేతిలో పెడుతున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆదివారం మీరు కొట్టు తియ్యరు కదండీ" అంది నెమ్మదిగా.

మేస్త్రి కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ లేచి, బల్లమీదున్న సంచీ దగ్గరికెళ్ళింది. రెండు డబ్బాలూ తీసి పక్కపక్కన పెట్టింది. ఆ తర్వాత స్కూపులు తీసింది. పొట్టిది కింద పెట్టేసి, పొడుగు కాడదాన్ని చేత్తో పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది ఏ డబ్బాలో ఉంది?"

కుర్రాడు తొన నోట్లో పెట్టుకోబోతూ తండ్రి వీపు వైపు చూశాడు.

"మిమ్మల్నేనండీ. ఇటు తిరిగి చెప్పండి. ఈ పొడుగుది ఏ డబ్బాలో ఉంది?"